దివిసీమలో బండ ఎక్కడుంది?

నవంబరు నెలలో ఒక తెల్లవారుజామున నేనూ మా ఆవిడా విజయవాడలో అవనిగడ్డ బస్సెక్కాము. "బంధువులెవ్వరూ లేని ఊరికి ఈ వయస్సులో ప్రయాణమేమిటి నాన్నా?" అని ముందురోజు మా అబ్బాయి ఫోనులో అడిగాడు. "పాత బాకీ ఒకటి ఉంది, తీర్చుకుని వస్తాము" అన్నాను. అది డబ్బు బాకీ కాదు. ఏమిటో మా ఆవిడకు మాత్రమే తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెప్పాను. అప్పటినుండి ఆమె ఏడాదికొకసారైనా "వెళ్ళొద్దామండీ" అంటూనే ఉంది. నేనే వాయిదా వేస్తూ వచ్చాను.

కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటేసరికి బాగా వెలుతురు వచ్చింది. రోడ్డుకు రెండు వైపులా వరి కంకులు బరువెక్కి వంగి ఉన్నాయి. కూచిపూడి వచ్చింది, చల్లపల్లి వచ్చింది, మోపిదేవి వచ్చింది. కాలువ గట్ల మీద కొబ్బరిచెట్లు, చేలగట్ల మీద తాడిచెట్లు. ఇంత పచ్చని సీమను చూస్తే ఇక్కడ ఒకనాడు మనిషి నిలబడటానికి కూడా చోటు లేకుండా పోయిందంటే ఎవరు నమ్ముతారు? కోతకు వారం రోజులుందనగా ఇదే వరి ఆనాడూ ఇలాగే వంగి ఉన్నది.

పులిగడ్డ దగ్గర దిగాము. కృష్ణానది ఇక్కడ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయల నడుమ, సముద్రం దాకా ఉన్న నేలే దివిసీమ. ఒక పాయ హంసలదీవి వద్ద సముద్రంలో కలుస్తుంది. పులిగడ్డలో అక్విడక్టు ఉంది. నదిపాయ మీదుగా కాలువ నీటిని సీమలోకి చేర్చే కట్టడం అది. తియ్యని నీరు ఆ దారిన రావాలి. ఉప్పునీరు రావడానికి మాత్రం మూడు దిక్కులా దారులున్నాయి.

అక్కడే ఉప్పెనలో చనిపోయినవారి జ్ఞాపకార్థం కట్టిన స్థూపం ఉంది. చెప్పులు విడిచి కొంతసేపు దాని ముందు నిలబడ్డాము.

ఆ శనివారం

మన పాఠకులలో చిన్నవారికి తెలియకపోవచ్చును గనుక కొంచెం చెబుతాను. 1977 నవంబరు 19, శనివారం. బంగాళాఖాతంలో కొద్దిరోజులుగా బలపడుతూ వచ్చిన తుఫాను ఆనాడు చీరాల ప్రాంతంలో తీరం దాటింది. తుఫాను చీరాల వైపు దాటితే దివిసీమ ఎందుకు మునిగింది అని చాలామంది అడుగుతారు. మన అర్ధగోళంలో తుఫాను గాలులు గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి. అందుచేత తుఫాను నడిచే దారికి కుడి వైపున ఉన్న తీరంలో గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది. దివిసీమ ఆ కుడి వైపున ఉన్నది. పైగా ఇక్కడ సముద్రం లోతు తక్కువ, నేల పల్లం. నెట్టుకొచ్చిన నీరు వెనక్కు పోవడానికి వీలులేక ఎత్తుగా లేచింది. దానినే మనం ఉప్పెన అంటాము.

సాయంకాలం అయిదారు మీటర్ల ఎత్తున నీరు వచ్చింది. పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకుపోయింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే చనిపోయినవారు పదివేలమంది దాకా ఉన్నారు. అసలు సంఖ్య ఇంకా ఎక్కువని అక్కడివారందరూ అంటారు. లెక్క వ్రాసుకోవడానికి ఇంటికొక్కరైనా మిగలని ఊళ్ళున్నాయి. కోస్తా అంతటా ఇళ్ళు పోయినవారు ముప్పై లక్షలకు పైగానే. గాలికంటే నీటివల్ల పోయినవారే ఎక్కువ. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తరువాత కట్టిన ఇళ్ళ కథ అంతా దీని మీదనే ఆధారపడి ఉన్నది.

బాపట్లలో ఒక మందిరంలో తలదాచుకున్న సుమారు వందమంది ఆ కట్టడం కూలి చనిపోయారు. ప్రాణభయంతో మనుషులు దేవుని మందిరానికి పరుగెత్తుకొస్తారు. ఆ మందిరపు గోడలు ఎంత గట్టివో, కప్పు ఎంత గట్టిదో చూడవలసిన బాధ్యత మరి ఎవరిది?

మేము వచ్చిన రోజులు

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఉప్పెన వచ్చిన పదో రోజున మా సంఘ యువకులం పన్నెండుమందిమి లారీలో బియ్యం, దుప్పట్లు వేసుకుని వచ్చాము. మొదటి వారం మేము చేసిన పనిని గూర్చి వ్రాయలేను. చేతులకు గుడ్డలు చుట్టుకుని, ముక్కులకు కర్పూరం కట్టుకుని చేశాము. ఎవరు ఏ కులమో, ఏ మతమో తెలియని దేహాలను ఒకే గుంటలో ఉంచి ప్రార్థన చేశాము.

ఆ రోజుల్లో దేశమంతా దివిసీమవైపు తిరిగింది. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. మదర్ థెరీసా వచ్చారు. అవనిగడ్డ శాసనసభ్యుడూ ఆనాటి విద్యామంత్రీ అయిన మండలి వెంకట కృష్ణారావుగారు మంత్రి పదవి వదులుకుని ఈ సీమను నిలబెట్టే పనిలోకి దిగారు. 1969 తుఫాను తరువాత గుంటూరు కేంద్రంగా పని ప్రారంభించిన బెల్జియం దేశపు ఏసుసభ గురువు మైకేల్ విండేగారి గ్రామ పునర్నిర్మాణ సంస్థ, పలు సంఘాలు కలిసి నడిపే కాసా, ఇంకా ఎన్నో సేవాసంస్థలు ఊళ్ళను దత్తత తీసుకున్నాయి. కొన్ని కాలనీలు ఈనాటికీ కట్టినవారి పేర్లతోనే ఉన్నాయి.

పరీక్షలు అయిన తరువాత, 1978 వేసవిలో, నేను మళ్ళీ వచ్చాను. ఇళ్ళు కట్టిస్తున్న ఒక సంస్థలో లెక్కలు వ్రాసే పని నాది. మేము పనిచేసిన పాలెం కోడూరు దాటిన తరువాత సముద్రం వైపున ఉంది. దాని పేరు వ్రాయను. ఉప్పెనకు ముందు అక్కడ అన్నీ పాకలే. మట్టిగోడలు, తాటాకు కప్పు. ఉప్పెన వెళ్ళిన తరువాత నిట్రాటలు కూడా మిగలలేదు.

మొదటి ఆదివారం డేరాలో ఆరాధన జరిగింది. మా బృంద నాయకులైన అయ్యగారు బండ మీద ఇల్లు కట్టినవాడు, ఇసుక మీద ఇల్లు కట్టినవాడు అనే ఉపమానం తీసుకుని బోధించారు. సందర్భానికి తగినదనే అందరం అనుకున్నాము. ఆరాధన ముగిసిన తరువాత ఒక ముసలాయన చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆ ఉప్పెనలో ఆయన ఇంటివారు ఏడుగురు పోయారు. "అయ్యగారూ, మా సీమలో బండ ఎక్కడుందండీ?" అని అడిగాడు.

ఆయన వెటకారానికి అడగలేదు. నిజంగానే అడిగాడు. కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు నేల అది. తీరం దగ్గర నాలుగడుగులు తవ్వితే నీళ్ళూరతాయి, అవీ ఉప్పునీళ్ళు. ఎంత తవ్వినా రాయి తగలదు. అయ్యగారు ఏదో చెప్పారు గాని అది జవాబు కాదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

నేను వ్రాసిన జాబితా

ఇళ్ళ జాబితా తయారు చేసే పని నాకు అప్పగించారు. అచ్చు వేసిన ఫారం ఇచ్చారు. మొదటి గడిలో "ఇంటి యజమాని" అని ఉంది. భర్త ఉంటే భర్త పేరు, లేకపోతే పెద్ద కొడుకు పేరు. నేను శ్రద్ధగానే వ్రాశాను. ఒక్క తప్పు లేదని మెచ్చుకున్నారు కూడా.

ఆ పాలెంలో పదహారేళ్ళ అమ్మాయి ఒకతె ఉండేది. తల్లి, తండ్రి, నాయనమ్మ పోయారు. ఎనిమిదేళ్ళ తమ్ముడు మిగిలాడు. ఆ అమ్మాయిని, తమ్ముణ్ణి నేను వాళ్ళ చిన్నాన్న కుటుంబం కింద వ్రాశాను. ఫారం ప్రకారం వేరే దారి లేదు. ఆమె మూడుసార్లు మా డేరా దగ్గరకు వచ్చింది. "మాకు వేరే ఇల్లు వ్రాయండి బాబూ. మా అమ్మానాన్నల పాక వేరేగా ఉండేది" అని అడిగింది. మూడోసారి వచ్చినప్పుడు ఎండలో తిరిగి వచ్చి విసుగు మీద ఉన్నాను. "పెళ్ళయ్యాక మీ ఆయన పేరున వస్తుందిలే, వెళ్ళు" అన్నాను.

ఆమె మారు మాట్లాడలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. నేను తీర్చుకోవలసిన బాకీ అదే.

కాలనీ ఇప్పుడెలా ఉంది

అవనిగడ్డలో టిఫిను చేసి, కోడూరు మీదుగా ఆటోలో పాలెం చేరేసరికి పది దాటింది. అప్పుడు మేము నడిచిన డొంక ఇప్పుడు తారురోడ్డు. సముద్రం వైపు సరుగుడు తోటలు కనిపించాయి. ఉప్పెన తరువాత గాలికి అడ్డంగా తీరం వెంబడి సరుగుడు విరివిగా నాటారు. మడ అడవులున్న చోట నీటి జోరు తగ్గుతుందని ఇప్పుడందరికీ తెలుసు. కృష్ణా అభయారణ్యంలో వాటిని కాపాడుతున్నారు. కాని నడుమ కాలంలో రొయ్యల చెరువుల కోసం తీరం వెంబడి ఎంత మడను నరికారో చూసినవాళ్ళకు తెలుసు.

మేము కట్టించిన కాలనీ సముద్రానికి మైలున్నర ఇవతల ఉంది. వరుసగా ఒకే రకమైన ఇళ్ళు. ఒక గది, ఒక చిన్న వంటగది, పైన శ్లాబు. ఆనాడు అవి మా కళ్ళకు మేడల్లా కనబడ్డాయి. ఇప్పుడు మూడోవంతు ఇళ్ళు మాత్రమే మనుషులున్నట్టు కనిపించాయి. కొన్ని కూలిపోయి పునాదులు మిగిలాయి. కొన్నింటికి తాళాలు. కొన్నింటిలో వలలు, ఎండుచేపల బుట్టలు పెట్టుకున్నారు.

శ్లాబులు పెచ్చులూడి లోపలి ఊచలు బయటపడ్డాయి. ఇది ఎందువల్లనో ఆ రోజుల్లో మాకు తెలియదు. ఇప్పుడు తాపీమేస్త్రీలు కూడా చెబుతారు. కాంక్రీటులో ఉప్పు చేరితే ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది. ఉబ్బి చుట్టూ ఉన్న సిమెంటును చీలుస్తుంది. వానలు రాకముందే పూర్తి చేయాలనే తొందరలో మేము దగ్గరలో దొరికిన ఇసుక, దగ్గరలో దొరికిన నీళ్ళు వాడాము. తియ్యని నీరు దూరం నుండి బండ్ల మీద తెచ్చుకోవలసి వచ్చేది గనుక తడపడం కూడా సరిగా జరగలేదు. ఎక్కడ మంచి నీళ్ళతో కలిపి, వారం పదిరోజులు తడిపారో ఆ ఇళ్ళు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి.

మా ఆవిడ ఒక ఇంటి లోపలికి తొంగి చూసి వచ్చింది. "వంటగదిలో పొగ పోయే దారే లేదండీ. వలలు బాగు చేసుకోవడానికి వసారా లేదు, అరుగు లేదు. ఈ ఇల్లు ఇలా ఉండాలని అనుకున్నవాళ్ళలో ఆడవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగింది. నేను జ్ఞాపకం చేసుకున్నాను. ఒక్కరు కూడా లేరు. ఇళ్ళ ముందు తాటాకు పందిళ్ళు, పక్కన వంటపాకలు తరువాత వాళ్ళంతట వాళ్ళు వేసుకున్నవే.

రోడ్డు పక్కన వల అల్లుతున్న ఒకాయనను "మీరంతా ఇక్కడ ఉండకుండా మళ్ళీ సముద్రపు ఒడ్డుకు ఎందుకు వెళ్ళారండీ?" అని అడిగాను. ఈ ప్రశ్న నలభై ఏళ్ళకు పైగా నా మనసులో కోపంగానే ఉండిపోయింది. కట్టించి ఇచ్చిన ఇల్లు వదిలి మళ్ళీ పాకల్లోకి పోయారని విన్నప్పుడు "కృతజ్ఞత లేని మనుషులు" అని నేను అన్నమాట నిజం.

ఆయన చేతిలోని పని ఆపకుండానే చెప్పాడు. "పడవ అక్కడుంటే ఇక్కడ నిద్ర పడుతుందా అండీ? పోటు ఎప్పుడొస్తుందో, గాలి ఎప్పుడు మారుతుందో మంచం మీద పడుకునే తెలియాలి. చేప ఒడ్డుకు వచ్చాక మా ఆడవాళ్ళు మైలున్నర నడిచి వచ్చి బుట్ట ఎత్తుకునేలోపు బేరం అయిపోద్ది. ఇల్లు చేలో ఉంటే రైతుకు బాగుంటుందండి. మాకు చేను సముద్రమే కదండీ."

నేను మాట్లాడలేకపోయాను. పొలం పక్కన గుడిసె వేసుకున్న రైతును ఎవరూ తప్పుపట్టరు. వీళ్ళను మాత్రం మేము తప్పుపట్టాము.

మెట్లు

ఆ అమ్మాయిని గూర్చి అడిగాను. పేరు చెప్పగానే ఆయన నవ్వాడు. "మామ్మగారా? ఆ మెట్ల ఇల్లేనండి" అని చూపించాడు.

కాలనీకీ తీరానికీ నడుమ కొంచెం మెరక మీద ఆ ఇల్లు ఉంది. మనిషి నడుమెత్తు బేస్‌మట్టం. ముందు వెడల్పాటి వసారా. ఇంటి పక్కనుండి శ్లాబు మీదికి సిమెంటు మెట్లు. పైన చేపలు ఎండుతున్నాయి. అరవై దాటిన ఆమె వసారాలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. మేము ఎవరిమో చెప్పాను. చేట పక్కన పెట్టి నా వైపు కొంతసేపు చూసింది.

"జాబితా వ్రాసిన బాబు కదూ?" అంది.

"అవునమ్మా" అన్నాను. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "ఆరోజు నీతో అన్న మాటకు క్షమించమని అడగడానికి వచ్చాను" అని మాత్రం అనగలిగాను.

"ఏ మాటండీ?" అని అడిగింది. చెప్పాను. ఆమె తల ఊపింది. "అదా. ఆ మాట నాకు గుర్తే. కాని అందరూ అదే అన్నారు కదండీ అప్పుడు. మీ ఒక్కరే అనలేదు."

మా ఆవిడ ఆమె పక్కనే అరుగు మీద కూర్చుంది. ఇద్దరూ మాటల్లో పడ్డారు. నేను వింటూ కూర్చున్నాను. చిన్నాన్న ఇంట్లో ఒకే గదిలో పదకొండుమంది ఉండవలసి వచ్చిందట. అక్కా తమ్ముడూ నాలుగేళ్ళు ఆ ఇంటి గోడ పక్కన తాటాకు వంపు కింద పడుకున్నారట. పెళ్ళయిన తరువాత భర్త పేరున కూడా ఇల్లు రాలేదు. జాబితా అప్పటికే ముగిసిపోయింది. ఎన్నో ఏళ్ళకు, ఇళ్ళ పట్టాలు ఆడవాళ్ళ పేరున ఇవ్వడం మొదలైన తరువాత, ఈ స్థలం ఆమె పేరున వచ్చింది. ప్రభుత్వం ఇచ్చిన సొమ్ముకు తన చేపల సొమ్ము కలిపి కట్టుకుంది.

ఉప్పెన రోజు ఆమె, తమ్ముడూ తుమ్మచెట్టు పట్టుకుని బతికారు. చెట్టు ముళ్ళు అరచేతుల్లో దిగాయి. ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. చూపించమని మేము అడగలేదు. చేట పట్టుకున్నప్పుడు కనబడ్డాయి.

"మీరు కట్టిన ఇళ్ళు మంచివే మాస్టారూ. కాదనను" అంది. "కాని ఒకటి చెప్పండి. మా వాళ్ళు పోయింది గాలికి కాదు, నీళ్ళకు. నీళ్ళొస్తే పైకెక్కాలి. మీరు అంత గట్టి శ్లాబు వేశారు, దాని మీదకు ఎక్కడానికి మెట్లు పెట్టలేదు. నన్నడిగితే మెట్లు పెట్టమనేదాన్ని."

నేను ఆ ఇళ్ళ నక్షాలు చూసినవాణ్ణి. సిమెంటు బస్తాలు లెక్కపెట్టినవాణ్ణి. గాలికి ఎగిరిపోని కప్పు వేశామని మేము పొంగిపోయాము. మాకు ఒక్కరికీ మెట్లు గుర్తు రాలేదు. చెట్టెక్కి బతికిన పిల్ల మా డేరాకు మూడుసార్లు వచ్చింది. ఆమెను మేము ఏమీ అడగలేదు. పేరు ఏ గడిలో వ్రాయాలో మాత్రమే చూశాము.

తుఫాను మేడ

మధ్యాహ్నం ఆమె మమ్మల్ని తుఫాను షెల్టరు దగ్గరకు తీసుకువెళ్ళింది. కాసా మొదలైన సేవాసంస్థలు, ప్రభుత్వం కలిసి ఉప్పెన తరువాత కోస్తాలో ఇలాంటివి చాలా కట్టించాయి. కింద గోడలుండవు, స్తంభాలు మాత్రమే. ఉప్పెన వస్తే నీరు కిందుగా పోతుంది. మనుషులు పై హాలులో ఉంటారు. మూలలు తక్కువగా ఉంటే గాలి పట్టు దొరకదు గనుక కొన్నింటిని గుండ్రంగా, కొన్నింటిని పలకలుగా కట్టారు. మన ఉత్తరాంధ్ర తీరంలో పూర్వులు చుట్టిళ్ళు వేసుకున్నదీ ఇందుకే. ఆ విద్య వారికి ఏ ఇంజనీరూ నేర్పలేదు.

1990 మే 9న ఇంచుమించు అంతే బలమైన తుఫాను మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి చనిపోయినవారు వెయ్యిలోపే. అదీ చిన్న సంఖ్య కాదు. కాని పదివేలతో పోల్చి చూడండి. నడుమ పదమూడేళ్ళలో ఏం మారింది? మచిలీపట్నంలో తుఫానులను కనిపెట్టే రాడారు వచ్చింది. ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు తీరంలోని కార్యాలయాలకు నేరుగా చేరే ఏర్పాటు జరిగింది. అయిదు లక్షలమందికి పైగా ప్రజలను ముందుగానే ఎత్తయిన చోట్లకు తరలించారు. ఇలాంటి మేడలు సిద్ధంగా ఉన్నాయి.

"ఆరోజు మైకులో చెప్పారండి. లారీలు వచ్చాయి" అని ఆమె చెప్పింది. "ముసలివాళ్ళు కదలమన్నారు. ఇల్లు వదిలితే దొంగలు పడతారన్నారు. ఒక్కొక్కరి ఇంటికీ పోయి, నా చేతులు చూడండి అన్నాను. అంతే, లేచి వచ్చారు."

ఆ షెల్టరు తరువాత బడి అయింది, పెళ్ళిళ్ళకు హాలు అయింది. వాడుకలో ఉన్నన్నాళ్ళూ బాగుంది. వాడకం మానేసిన చోట తాళం పడుతుంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలియదు, ఉప్పుగాలికి ఊచలు తుప్పు పడతాయి. ఈ షెల్టరు మెట్లు కూడా ఒక పక్క కుంగి ఉన్నాయి. "మరమ్మతు చేయమని అర్జీ పెట్టాం మాస్టారూ. ఈసారి అర్జీలో నా పేరే మొదట ఉంది" అంది నవ్వుతూ.

ఈ తీరానికి తుఫానులు కొత్త కాదు. 1864లో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో వేలాదిమంది పోయారు. 1996 నవంబరు 6న కోనసీమలో వెయ్యిమందికి పైగా పోయారు. లక్షలాది ఇళ్ళు, తోటలకు తోటలే కొబ్బరిచెట్లు పడిపోయాయి. 2004 డిసెంబరు 26, ఆదివారం, సునామీ ఈ తీరాన్నీ తాకింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇకముందు కూడా వస్తాయి. అందుచేత ఇళ్ళను గూర్చి, మందిరాలను గూర్చి మనం ఆలోచించవలసినది తుఫాను వెళ్ళిన తరువాత కాదు, రాకముందే.

మన సంఘాలకు ఒక మాట

కోస్తాలో మందిరం కడుతున్న సంఘ పెద్దలారా, గోపురం ఎత్తు పెంచేముందు బేస్‌మట్టం ఎత్తు పెంచండి. శ్లాబు మీదికి వెలుపలినుండి మెట్లు పెట్టండి. కాంక్రీటుకు సముద్రపు ఇసుక, ఉప్పునీళ్ళు వాడనీయకండి. రేకుల కప్పు అయితే కొక్కేలు దగ్గర దగ్గరగా బిగించండి. తలుపులు, కిటికీలు గట్టిగా మూసుకునేలా చూడండి. గాలి లోపలికి దూరితే కప్పు లేచిపోయే ప్రమాదం పెరుగుతుంది. తాళంచెవి రాత్రివేళ ఎవరి దగ్గర ఉంటుందో ఊరందరికీ తెలియాలి, మన సంఘస్థులకు మాత్రమే కాదు.

ఎక్కడైనా ఇల్లు పోయినవారికి ఇల్లు కట్టించే భాగ్యం కలిగితే ముందు వారిని అడగండి. ఆడవాళ్ళను అడగండి. తల్లిదండ్రులు లేని పిల్లల్ని అడగండి. మీ పని ఎక్కడ, మీ పొయ్యి ఎక్కడ, ఆ రోజు మీరు ఎలా బతికారు అని అడగండి. ఫారంలో వారికి గడి లేకపోతే ఫారమే మార్చండి.

సాయంకాలం బస్సుకు వేళయింది. కాఫీ తాగకుండా వెళ్ళనివ్వలేదు. మా ఆవిడ చేతిలో ఎండురొయ్యల పొట్లం పెట్టింది. వెళ్ళబోతూ, ఆనాడు డేరాలో ముసలాయన అడిగిన ప్రశ్న ఆమెకు గుర్తుందా అని అడిగాను.

"గుర్తు లేకేం? ఆయన మా పెదతాతేగా" అంది. "బండ లేదని తెలిసే మా వాళ్ళు ఇక్కడ ఉంటున్నారు మాస్టారూ. అందుకే ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఉండాలి. రాత్రి గాలి మారితే ముందుగా ఎవరిని లేపాలో ఈ ఊళ్ళో ప్రతి ఇంటికీ తెలుసు."

అప్పుడు ఆమె మనుమరాలు, ఏడెనిమిదేళ్ళ పిల్ల, బుట్ట పట్టుకుని గబగబా మెట్లెక్కి ఎండుచేపలు ఎత్తడానికి శ్లాబు మీదికి పోయింది. పైనుండి మాకు చెయ్యి ఊపింది. మా ఆవిడ ఆ మెట్లు లెక్కపెట్టింది. పదకొండు ఉన్నాయి.